అన్నం తినే చేయి

ఫోన్ మోగే సమయానికి నా రెండు చేతులూ మణికట్టు దాకా జొన్నపిండిలో ఉన్నాయి. స్పీకర్ బటన్‌ను ముక్కుతో నొక్కాను.

“బేగం సాహిబా, కూర్చున్నావా, నిలబడ్డావా?”

అలా పిలిచారంటే మా ఆయన సోహైల్ చాలా సంతోషంగా ఉన్నారని అర్థం. పెళ్లై మూడు నెలలే అయినా ఆయన పిలుపుల్లో ఏది దేనికో నేను మనసులో ఒక పట్టిక వేసి పెట్టుకున్నాను. ఆకలి వేస్తే ‘ఆఫ్రీన్’. ఏదైనా పాడు చేస్తే ‘ఆఫ్రీన్ జీ’. బేగం సాహిబా అనడం ఇది మూడోసారి మాత్రమే.

“రొట్టె తడుతున్నా. పెనం కాలిపోతోంది, తొందరగా చెప్పండి.”

“ముదీర్ ఒప్పుకున్నాడు. నీ రెండు చేతుల డిజైన్‌కి ఓకే అన్నాడు. నలభై మంది చాలట. ముందు ఆరుగురితో రెండు వారాలు చేసి చూపించమన్నాడు. అది కుదిరితే...” అని కావాలనే ఆగారు.

“కుదిరితే?”

“కుదిరితే మా ఆఫీసులో నీకొక టేబుల్. కిటికీ పక్కన.”

నేను ఎగిరాను. మాటవరసకు కాదు, నిజంగానే ఎగిరాను. పిండి స్టవ్ మీదా, ఫోన్ మీదా, పెళ్లికి వచ్చిన కొత్త మిక్సీ మీదా పడింది. కింది ఫ్లాట్ వాళ్లు కర్రతో తమ పైకప్పును రెండుసార్లు పొడిచారు. ఆ చప్పుడు కూడా నాకు ముబారక్ చెప్పినట్టే వినిపించింది. ఆ రోజు రొట్టె మాడింది. మాడిన రొట్టెనే ఆయన సాయంత్రం “ఆహా, పొగ వాసన, మా ఊరి పొయ్యి రొట్టెలా ఉంది” అంటూ తిన్నారు. కొత్త పెళ్లికొడుకులు మంచి అబద్ధాలు చెబుతారు.

ఇది 2005 జనవరి మాట. మేముండేది షార్జాలోని అల్ నహ్దాలో, తొమ్మిదో అంతస్తులో. ఒక గది, ఒక హాలు, మనిషి పట్టేంత బాల్కనీ. ఇద్దరం నిలబడాలంటే ఒకరినొకరు పట్టుకోక తప్పదు, అందుకే ఆ బాల్కనీ అంటే నాకు చాలా ఇష్టం. మాది ప్రొద్దుటూరు. తిరుపతిలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివాను. ఆయనది నెల్లూరు, ఫార్మసీ చదివి ఇక్కడ ఒక చిన్న మందుల కంపెనీలో కొత్త మందుల పరీక్షల పని చూస్తారు. ఆ కంపెనీని నడిపేది ఒక సూడానీ డాక్టరు. అందరూ ఆయన్ను ముదీర్ (అరబ్బీలో మేనేజరు) అనే పిలుస్తారు కాబట్టి నేనూ అలాగే అంటాను.

వాళ్ల దగ్గర అప్పుడొక కొత్త క్రీము ఉంది. సిమెంటు కలిపే వాళ్లకు చేతులు ఎర్రబడి, పగిలి, రాత్రంతా దురద పెడతాయి. దానికిప్పుడు వాడుతున్న పాత మలాము కంటే ఈ క్రీము నిజంగా మేలా కాదా అని తేల్చాలి. అంతకు ముందొక సలహాదారు వచ్చి, అరవై మందికి పాతది, అరవై మందికి కొత్తది, మొత్తం నూట ఇరవై మంది, ఆరు నెలలు అని రాసిచ్చి వెళ్లాడు. మనిషికీ మనిషికీ చర్మంలో తేడా చాలా ఉంటుంది, ఆ తేడాల గోలలో మందు తేడా మునిగిపోకుండా ఉండాలంటే అంతమంది కావాలి. అంతమందిని ఆరు నెలలు చూసుకునే శక్తి చిన్న కంపెనీకి లేదు. క్రీమును అటక మీద పెట్టేద్దామని ముదీర్ అనుకుంటున్న రోజుల్లో మా ఇంటికి భోజనానికి వచ్చాడు.

ఆ రోజు నేను బిర్యానీ వడ్డిస్తూ వాళ్ల ఇంగ్లీషు మాటల మధ్యలో నోరు పెట్టాను.

“నూట ఇరవై మంది ఎందుకు సార్? ప్రతి మనిషికీ చేతులు రెండు కదా. ఒక చేతికి పాతది, ఇంకో చేతికి కొత్తది. మనిషి అదే, చర్మం అదే, సిమెంటు అదే. తేడా కనిపిస్తే అది మందుదే అవుతుంది.”

మా ప్రొఫెసరు వేరుశనగ చేను ఉదాహరణతో చెప్పిన పాఠమే అది. ఒకే మడిని రెండుగా చీల్చి, సగానికి ఒక ఎరువు, సగానికి ఇంకోటి. రెండు ఊళ్ల చేలను పోల్చడం కంటే ఒకే మడిలో రెండు సగాలను పోలిస్తే తక్కువ నేలతోనే సంగతి తెలుస్తుంది. ముదీర్ బిర్యానీ తినడం ఆపి, తన రెండు అరచేతులనూ చాలాసేపు చూసుకున్నాడు. వారం తర్వాత వచ్చిందే ఆ ఫోన్.

ఆరుగురితో చేసే చిన్న పరీక్షకు ఊరవతల సజ్జాలో ఒక కూలీల క్యాంపు దొరికింది. అక్కడి క్లినిక్‌లో నర్సు మరియకుమారి గారిది పాలకొల్లు. నన్ను చూసిన రెండో నిమిషంలోనే, “ఏవండీ, ఇంత సన్నగా ఉన్నారేంటండి? మీ ఆయన ఏమైనా పెడుతున్నారా లేదా?” అని అడిగింది. మూడో నిమిషంలో తన డబ్బాలోంచి పూతరేకు తీసి నా నోట్లో పెట్టేసింది. ఇక అక్కడినుంచి ఆవిడ నాకు కుమారక్క.

మనుషుల మీద పరీక్షలకు అనుమతిచ్చే ఆసుపత్రి సంఘం నుంచి కాగితం వచ్చింది. మనవైపు నుంచి వచ్చిన సిమెంటు పనివాళ్లు ఆరుగురికీ తెలుగులో అన్నీ చదివి వినిపించాం. ఇష్టం లేకపోతే ఏ రోజైనా మానేయవచ్చనీ, మానేసినా క్లినిక్‌లో మామూలు వైద్యం ఆగదనీ చెప్పాం. వాళ్లు సంతకాలు పెట్టారు. ఆరుగురిదీ ఒకే గది. రాయచోటి నుంచి వచ్చిన మేస్త్రీ ఇమామ్ హుస్సేన్ వాళ్లకు పెద్దమనిషిలాంటివాడు. వయసులో అందరికంటే పెద్ద మాత్రం బుడేన్ సాహెబ్.

నీలం మూత ట్యూబు ఒకటి, ఎర్ర మూత ట్యూబు ఒకటి. ఏది కొత్తదో ఏది పాతదో ముదీర్ బీరువాలోని కవరుకు తప్ప ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు, కుమారక్కకూ తెలియదు. ఏ చేతికి ఏ రంగు అనేది నేను నిర్ణయిస్తే నా ఇష్టాయిష్టాలు దూరతాయి కాబట్టి, ఆరుగురినీ మూడు జతలు చేసి దిర్హమ్ నాణెం ఎగరేశాను. కాఫీ కూజా బొమ్మ పడితే జతలో మొదటివాడి కుడిచేతికి నీలం, రెండోవాడి ఎడమచేతికి నీలం. ఎగరేసిన నాణెం ఒకసారి కుమారక్క మందుల బీరువా కిందికి దొర్లిపోయింది. సోహైల్ నేల మీద పడుకుని టార్చిలైటు వేసి, “కూజానే!” అని అరిచారు. చివరికి ముగ్గురికి కుడిచేతికి నీలం, ముగ్గురికి ఎడమచేతికి నీలం వచ్చింది. ఎవరికి ఏదో చీటీల మీద రాసిచ్చాం.

నాలుగు రోజులకొకసారి కుమారక్క ఒక్కో చేతికీ మార్కులు వేసేది. ఎరుపుకు మూడు, పగుళ్లకు మూడు, దురదకు మూడు, మొత్తం తొమ్మిది. ఎంత తగ్గితే అంత మేలు. ఆ రెండు వారాలూ నేను మహా హుషారుగా ఉన్నాను. అమ్మకు ఫోన్ చేసి టేబుల్ సంగతి చెప్పేశాను. రోలా బజారులో ఆఫీసుకని రెండు చుడీదార్లు కొన్నాను. ఆయన అల్లరిగా, “టేబుల్ రాకముందే బట్టలు వచ్చాయి” అంటే, “బట్టలు లేకుండా టేబుల్ దగ్గర ఎలా కూర్చుంటానండీ?” అన్నాను. తర్వాత నేనన్నదేమిటో నాకే అర్థమై ముఖం కొంగులో దాచుకున్నాను.

పద్నాలుగో రోజు గురువారం. మధ్యాహ్నానికి మార్కుల కాగితం వచ్చింది. ఇస్త్రీ బల్లే మా భోజనాల బల్ల, అదే నా లెక్కల బల్ల. దాని ముందు ఇద్దరం భుజాలు ఆనించుకుని కూర్చున్నాం. నీలం ట్యూబు చేతుల్లో తగ్గింది సగటున మూడు మార్కులు. ఎర్ర ట్యూబు చేతుల్లో తగ్గింది కూడా సగటున మూడు మార్కులే.

సోహైల్ పెన్ను పక్కన పెట్టేశారు.

“రెండూ ఒకటే అయితే కొత్త క్రీము ఖలాస్,” అన్నారు మెల్లగా. “శనివారం పొద్దున ముదీర్‌కి రిపోర్టు ఇవ్వాలి.”

“నా టేబుల్ కూడా ఖలాస్.”

“నేను నా టేబుల్‌లో సగం ఇస్తాలే.”

నవ్వాను గానీ కళ్లు కాగితం మీదే ఉన్నాయి. ఏదో తిక్కగా ఉంది. సగటు ఒకటే, కానీ ఒక్కో చేతి అంకె చూస్తే ఒకటి బాగా తగ్గింది, ఇంకోటి తగ్గనట్టే ఉంది. ఐదు, ఒకటి. ఐదు, సున్నా. నాలుగు, ఒకటి. రెండు మందులూ ఒకటే అయితే రెండు చేతులూ ఒకేలా తగ్గాలి కదా! రంగులు పక్కన పెట్టి కుడి, ఎడమ అని రెండు గీతలు గీసి మళ్లీ రాశాను.

“ఏమండీ, చూడండి. తగ్గినవన్నీ కుడిచేతులే. ఆరుకి ఆరు.”

“నీలం పూసిన కుడిచేయి, ఎర్రది పూసిన కుడిచేయి, రెండూనా?”

“ఏది పూసినా కుడిచేయే తగ్గింది. ఎడమచేతులు ఉన్నచోటే ఉన్నాయి.”

ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. మందుకు కుడీ ఎడమా తెలియదు. మనుషులకు మాత్రమే తెలుసు.

మర్నాడు జుమా నమాజు అయ్యాక సజ్జా వెళ్లాం. క్లినిక్ ముందు నీడలో పెద్ద పళ్లెం పెట్టుకుని ఆరుగురూ అన్నం తింటున్నారు. మమ్మల్ని చూసి లేవబోతే కూర్చోమన్నాను. వాళ్లు ఊరుకోలేదు, మాకూ పళ్లాలొచ్చాయి. తోటకూర పప్పు, వేయించిన ఎండుమిరపకాయలు, పైన నెయ్యి. కుమారక్క నా పక్కనే కూర్చుంది. ఆరు కుడిచేతులు పళ్లెంలోకీ నోటికీ తిరుగుతున్నాయి. అన్నీ నున్నగా ఉన్నాయి. ఒడిలో ఉన్న ఆరు ఎడమచేతులూ ఎర్రగా పగిలి ఉన్నాయి.

“ఇమామ్ భాయ్, నిజం చెప్పాలి. నేను కోప్పడను. మీ చీటీలో ఎడమచేతికి నీలం మూతది అని రాసిచ్చాం కదా. అలాగే పూశారా?” అని అడిగాను.

ఇమామ్ హుస్సేన్ ముద్ద దిగమింగి బుడేన్ సాహెబ్ వైపు చూశాడు.

“చెప్పప్పా,” అన్నాడు బుడేన్ సాహెబ్. “భాభీ అడుగుతాంది గదా.”

“అదేం ల్యా భాభీ. నీలం మూతది సల్లగుంటది. ఎర్ర మూతది పూస్తే పగుళ్లలో చుర్రుమంటది. ఈ చేత్తో అన్నం తినాల గదా. అందుకని నీలందాన్ని అన్నం తినే చేతికే పూసినాం. ఎడంచెయ్యి ఎట్నో తట్టుకుంటది.”

“అందరూనా?”

“అందరమూ.”

“మరి చీటీలో వేరేగా ఉందే!”

ఇమామ్ హుస్సేన్ సిగ్గుపడుతూ తల గోక్కున్నాడు. “ముగ్గురి చీటీలో సరిగ్గానే రాసినారు, కుడికి నీలం అని. మా ముగ్గురి చీటీలో తిరగబడింది. కొత్తగా పెళ్లయినోళ్లు, ఏదో ధ్యాసలో పొరపాటు రాసింటారులే, అడిగి వాళ్లని సిన్నబుచ్చేదెందుకని మేమే సరిచేసుకున్యాం.”

ముందు కుమారక్క మొదలుపెట్టింది నవ్వడం. “ఓరి నాయనో, వీళ్ల ప్రేమ పాడుగాను! కొత్త పెళ్లికూతురి పరువు కాపాడారండి బాబూ!” అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. పప్పు అన్నం ముక్కులోకి పోయి సోహైల్ దగ్గసాగారు. నేనూ నవ్వాను, నవ్వకుండా ఎలా ఉంటాను? నాణెం ఎగరేసి, జతలు కట్టి, టార్చి వేసి బీరువా కింద వెతికి మేం వేసిన పథకాన్ని వాళ్లు మర్యాద కొద్దీ దిద్దేశారు.

తిరుగుదారిలో ఆయన స్టీరింగ్ మీద తాళం వేస్తూ అన్నారు, “అరే, ఇది మంచి వార్తే కదా! ఆరుగురూ నీలందాన్నే ఎంచుకున్నారు, ఆరుగురికీ అదే పూసిన చేయి బాగుపడింది. కవరు విప్పితే నీలమే కొత్త క్రీము అని తేలుతుంది చూడు. అలాగే రాసేద్దాం. నీలం చేతులు ఆరు, ఎర్ర చేతులు ఆరు. టేబుల్ నీదే.”

నాకూ ఆశ పుట్టలేదని అనను. కిటికీ పక్కన టేబుల్, మధ్యాహ్నం ఇద్దరం ఒకే డబ్బా తెరిచి తినడం, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. షార్జా చేరేదాకా ఆ పన్నెండు చేతుల లెక్కే మనసులో వేసుకుంటూ వచ్చాను.

“కుదరదండీ,” అన్నాను లిఫ్టులో.

“ఎందుకు కుదరదు?”

“బాగుపడింది నీలం ట్యూబు వల్లేనని ఎలా తెలుసు? అది అన్నం తినే చేయి. రోజూ పప్పులో, నెయ్యిలో మునుగుతుంది. తిన్నాక శుభ్రంగా కడుక్కుంటారు. పని మీదున్నా ఆ చేతికే గుడ్డ చుట్టుకుంటారట. నెయ్యి వల్ల తగ్గిందా, క్రీము వల్ల తగ్గిందా? ఎడమచేతికి వాళ్లు అసలు ఎర్రదైనా సరిగ్గా పూశారో లేదో కూడా మనకు తెలియదు.”

ఆయన లిఫ్టు అద్దంలో నా వైపు చూసి, “నెయ్యి కంపెనీ పెడదామైతే” అన్నారు.

ఇంట్లో టీ పెట్టాను. మా ఇంట్లో టీ ఒక పెద్ద సమస్య. ఆయనకు నెల్లూరు పద్ధతిలో అల్లం దంచి, పాలు చిక్కగా ఉండాలి. నాకు మా అమ్మ పెట్టే యాలకుల టీ కావాలి. పెళ్లైన కొత్తలో ఏది మేలో తేలుద్దామని రోజూ రెండు గిన్నెల్లో రెండు రకాలు కాచేదాన్ని. ఫలితం ఏమిటంటే, ఆయన నా కప్పులోంచి రెండు గుక్కలు, నేను ఆయన కప్పులోంచి రెండు గుక్కలు. ఎవరు ఏది తాగారో దేవుడికే తెలియాలి. చివరికి ఒక వారం ఇంట్లో అల్లం టీ ఒక్కటే, మరుసటి వారం యాలకుల టీ ఒక్కటే అని రాజీకి వచ్చాం. అప్పటినుంచి తీర్పు చెప్పడం తేలికైంది. తీర్పు ఏమిటన్నది ఇక్కడ రాయను, మా అత్తగారు చదివే అవకాశం ఉంది.

అది యాలకుల వారం. కప్పు చేతిలో పట్టుకుని ఇస్త్రీ బల్ల ముందు కూర్చున్నాను. ఒకే పళ్లెంలో తినేవాళ్ల మధ్య, ఒకే గదిలో పడుకునేవాళ్ల మధ్య రెండు ట్యూబులు పెట్టి ఇది దీనికి, అది దానికి అంటే ఎవరు మాత్రం ఒప్పుకుంటారు? చేతులను చీల్చకూడదు. గదిని చీల్చకూడదు. చీల్చాల్సింది రోజులను. ఒక గదిలో అందరికీ ఒకటే ట్యూబు, రెండు చేతులకూ అదే, రెండు వారాలు. తర్వాత ఆ గదిలో అందరికీ రెండోది. ఇలాంటి డిజైన్ నేను కాలేజీలో చదివిందే. మొదట వద్దనుకున్నది రోజులు ఎక్కువ పడతాయని. వేగం చూసుకున్నాను గానీ, వాడే మనుషులను చూసుకోలేదు.

శుక్రవారం సాయంత్రమంతా రాశాను. రిపోర్టు మొదటి వాక్యం మాత్రం మూడుసార్లు రాసి కొట్టేశాను. నాలుగోసారి ఇలా రాశాను: ‘ఈ పరీక్ష కుదరలేదు. తప్పు డిజైన్‌ది, అది నేను వేసింది. పాల్గొన్న ఆరుగురి తప్పు ఏమీ లేదు.’ సోహైల్ చదివి, “ఇలాగే ఇద్దాం” అన్నారు. ఆ రోజు గిన్నెలన్నీ ఆయనే కడిగారు.

శనివారం పొద్దున కొత్త చుడీదారు వేసుకునే వెళ్లాను. టేబుల్ రాకపోతే చుడీదారైనా ఆఫీసు చూస్తుంది కదా అనుకున్నాను.

ముదీర్ కాగితాన్ని చివరిదాకా చదివి, మళ్లీ మొదటి వాక్యం దగ్గరికి వచ్చాడు. కళ్లజోడు తీశాడు.

“ముగ్గురు మనుషులు మీ చీటీలను పట్టించుకోలేదు. అయినా వాళ్ల తప్పు లేదంటారు.”

“వాళ్లు పట్టించుకోకపోవడం కాదు సార్. నా పొరపాటు అనుకుని సరిదిద్దారు. ఆ గదిలో నేనున్నా అదే చేసేదాన్ని. నేనూ కుడిచేత్తోనే అన్నం తింటాను.”

“నేనూ తింటాను,” అన్నాడు. ఆయన ముఖంలో నవ్వు ఉందో లేదో తెలియలేదు. “కొత్తదానికి ఎంతమంది కావాలి?”

“నలభై మందే. పది గదులు, గదికి సగటున నలుగురు. ఐదు గదులు నీలంతో మొదలుపెడతాయి, ఐదు గదులు ఎర్రదానితో. ఒకే గదివాళ్లు ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి లెక్కలో వాళ్లు నలుగురికి కొంచెం తక్కువే. కానీ ప్రతి మనిషినీ మళ్లీ ఆ మనిషితోనే పోలుస్తున్నాం, అందుకని నలభై సరిపోతుంది. లెక్క రెండో పేజీలో ఉంది.”

“రోజులు?”

“రెండు వారాలు, ఒక వారం, మళ్లీ రెండు వారాలు. మొత్తం ఐదు.”

“మధ్యలో ఆ వారం ఎందుకు? మూడు వారాలు ఎక్కువ అడుగుతున్నారు నన్ను.”

సోహైల్ తలుపు దగ్గర నిలబడి గోడ గడియారాన్ని శ్రద్ధగా చూస్తున్నారు. నాకు పుస్తకంలో వాక్యం గుర్తుకు రాలేదు. టీ గుర్తుకొచ్చింది.

“సార్, మా ఇంట్లో ఒక వారం అల్లం టీ, ఒక వారం యాలకుల టీ. అల్లం ఘాటు నాలుక మీద ఉండగానే యాలకుల టీ తాగితే దానికి అన్యాయం. అందుకని మధ్యలో ఒక రోజు సులేమానీ తాగుతాం, పాలు లేకుండా, ఏమీ వేయకుండా. మొదటి మందు ప్రభావం చర్మం మీద ఉండగానే రెండోది మొదలుపెడితే, రెండోదాని మార్కులు మొదటిది కొట్టేస్తుంది. ఆ వారమంతా అందరికీ ఉత్త వాజెలిన్ ఇస్తాం. అది సులేమానీ వారం.”

ముదీర్ పెద్దగా నవ్వాడు. తలుపు దగ్గర సోహైల్ ఊపిరి వదిలిన శబ్దం నాకు వినిపించింది.

“చుర్రుమనేది ఎర్రది అని వాళ్లకు తెలిసిపోయింది కదా. రెండోసారి కూడా తెలుస్తుంది.”

“తెలుస్తుంది సార్. దాన్ని ఆపలేను. కొత్త గదుల్లో అన్ని మూతలూ తెల్లవే, గది నంబరు ఒక్కటే ఉంటుంది. ఒకసారికి ఒక ట్యూబే చేతిలో ఉంటుంది కాబట్టి మార్చుకోవడానికి రెండోది ఉండదు. మార్కులు వేసే సిస్టర్‌కి మాత్రం ఎవరూ చెప్పకూడదు. ఇంకో మాట సార్. ఐదు వారాలూ నలభై మందికీ మంచి గ్లౌజులు ఇవ్వాలి. పరీక్ష కోసం ఎవరి చేతులూ సిమెంటులో ఊరికే పగలకూడదు.”

“అది నేను కాదనను.” ఆయన మొదటి పేజీ మీద సంతకం పెట్టి, కాగితం ఇటు తోశాడు. “సలహాదారు నూట ఇరవై మందిని అడిగాడు, ఆ మనుషులు ఎలా తింటారో అడగలేదు. మీరూ మొదట అడగలేదు. రెండోసారి అడిగారు. సంఘం వాళ్లకు కొత్త డిజైన్ చూపించాలి, బుధవారం కూర్చుంటారు. వాళ్లు ఒప్పుకునేదాకా ఒక్క ట్యూబు కదలకూడదు.”

“సరే సార్.” లేచాను. అడగాలా వద్దా అనుకుంటూ అడగకుండానే తలుపు దాకా వెళ్లాను.

“మేడమ్, ఎక్కడికి?” అన్నాడు ముదీర్. “కిటికీ పక్కది తుడిపించాను. యల్లా, కూర్చోండి.”

టేబుల్‌కు ఒక సొరుగు కాస్త బిగుసుకుపోయి ఉంది. కిటికీలోంచి ఒక క్రేను, ఒక పెట్రోలు బంకు, ఆ వెనక చెయ్యి వెడల్పు సముద్రం కనిపించాయి. రెండు గజాల దూరంలో సోహైల్ కంప్యూటరు. ఆయన చూడనట్టు నటిస్తూ చూశారు. నేను పనిచేస్తున్నట్టు నటిస్తూ నిజంగానే పని మొదలుపెట్టాను.

బుధవారం సంఘం వాళ్లు రెండు ప్రశ్నలు అడిగారు, సంతకాల కాగితంలో ఒక వాక్యం మార్చమన్నారు. గురువారం మధ్యాహ్నం ఫ్యాక్సు వచ్చింది. దాన్ని మొదట చూసింది సోహైల్. మెషీన్‌లోంచి సగం బయటికి రాగానే లాగబోతే చిరుగుతుందని నేను ఆయన చేయి పట్టుకున్నాను. ఆఫీసులో చేయి పట్టుకున్నామని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చి వదిలేశాం. ‘అనుమతించడమైనది’ అన్న మాట కనిపించగానే మళ్లీ పట్టుకున్నాం.

వెంటనే సజ్జాకు ఫోన్ చేశాను. కుమారక్క ఎత్తింది.

“అక్కా, అనుమతి వచ్చింది. నలభై మందీ ఉన్నారా?”

“నలభై కాదండి, యాభై రెండు మంది పేర్లిచ్చారు. ఆ ఆరుగురూ ప్రచారం చేసేశారు కదా! ‘భాభీ కోప్పడదు, పైగా మనతో పప్పన్నం తింటది’ అని. మిగతా పన్నెండు మందిని ఏం చెయ్యమంటారు?”

“గ్లౌజులు వాళ్లకూ అడుగుతాను. క్లినిక్ మలాము ఎలాగూ ఉంది. రాసి పెట్టండి, ఎవరైనా మానేస్తే వాళ్లలోంచి తీసుకుందాం.”

వెనక నుంచి ఇమామ్ హుస్సేన్ గొంతు వినిపించింది. “భాభీ, ఈసారి ఏ చేతికి ఏది?”

“ఈసారి రెండు చేతులకూ ఒకటే, ఇమామ్ భాయ్. గదిలో అందరికీ ఒకటే. దిద్దడానికి ఏమీ మిగల్చలేదు.”

“అబ్బ, మంచి పని చేసినావు తల్లీ,” అన్నాడు బుడేన్ సాహెబ్. ఆయన కూడా అక్కడే ఉన్నాడన్నమాట. “రోజూ ఏ చేయి ఏదని తికమక పడి నా ప్రాణం పోతాండ్య.”

ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టాను. సోహైల్ తన కుర్చీని నా టేబుల్ దగ్గరికి లాక్కొచ్చారు. ముదీర్ కూడా గది తలుపులో నిలబడి విన్నాడు. తెలుగు ఒక్క ముక్క రాకపోయినా తల ఊపుతూనే ఉన్నాడు.

“అక్కా, అందరూ వినండి,” అన్నాను. “రేపు జుమా నమాజు అయ్యాక మూడు గంటలకు వస్తాం. ముందు కాగితం తెలుగులో చదివి వినిపిస్తాను, ఆ తర్వాతే సంతకాలు. పది గదుల నంబర్లు పది చీటీల మీద రాసి తెస్తాను. వాటిని అన్నం గిన్నెలో వేసి కలిపి, బుడేన్ సాహెబ్ కళ్లు మూసుకుని ఐదు తీయాలి. ఆ ఐదు గదులకూ ఒక మందు, మిగిలిన ఐదింటికీ ఇంకోటి. మొదటి ట్యూబులు రేపు సాయంత్రమే చేతికిస్తాం.”